తలుపు దానంతటదే మూసుకుందా?

అమ్మాయీ,

మీ నాన్నగారి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆయన కళ్లజోడు కాలుకు దారం చుట్టుకున్న సంగతి ఇక మర్చిపోలేను. నన్ను ఇబ్బంది పెట్టింది మూడో పేజీ.

అక్కడ ఇలా రాశావు: "పనుల్లో పడి మనం పెద్దవాళ్ల ఫోన్లు ఎత్తం." నాలుగు వాక్యాలు దాటాక: "ఆ వారమంతా ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ఆయన పక్కన మేలుకుని కూర్చున్నాను." చూసుకున్నావా? తప్పు దగ్గర మనం, సేవ దగ్గర నేను. ఫోన్ ఎత్తనిది ఎవరమ్మా? అందులో నన్నెందుకు కలిపావు?

మేము అంటే వినేవాడు బయటే ఉంటాడు. మనం అంటే లోపలికొస్తాడు. మన భాష ఇచ్చిన ఈ చక్కటి తేడాను నువ్వు దాక్కోవడానికి వాడుకున్నావు.

"నా రాతలో నేను ఎక్కువైందా, అహంకారంలా ఉందా?" అని అడిగావు. నేనులు లెక్కపెట్టడం దండగ. తెలుగులో నేను తీసేసినా క్రియ చివర అది ఉండనే ఉంటుంది: వెళ్లాను, చూశాను, ఏడ్చాను. నా బతుకు నలుగురూ చదవదగ్గదే అన్న ధీమా లేకపోతే సొంత సంగతి ఒక్క వాక్యం రాయడానికైనా చెయ్యి రాదు. ఆ ధీమా ఉండనీ. మెప్పు వచ్చే చోట ముందు వరసలో నిలబడి, నింద వచ్చే చోట గుంపులో కలిసిపోయే అహం ఉంది చూడు, నా పేచీ దానితోనే.

ముప్పై ఏళ్ల వయసులో అన్నయ్యతో తగువు పడి మూడేళ్లు మాట్లాడలేదు. దాని గురించి రాసి ఒక వారపత్రికకు పంపాను. "ఆయన గుమ్మంలో ఉండగానే తలుపు వేసేశాను" అన్నది నా వాక్యం. ఆ సంపాదకుడికి వ్యాసంలో నేను అన్న మాట కనబడితే గిట్టదు. అచ్చులో "తలుపులు మూసుకుపోయాయి" అని వచ్చింది. ఎంత అందంగా ఉందో అని పాఠకులు ఉత్తరాలు రాశారు. నేనూ పొంగిపోయాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అన్నయ్య దగ్గర్నుంచి కార్డొచ్చింది. ఒకటే వాక్యం: "తలుపు దానంతటదే మూసుకుందిట్రా?"

వేశాను అన్నచోట వేసినవాడుంటాడు. మూసుకుపోయింది అన్నచోట ఎవడూ ఉండడు. చేసినవాణ్ణి చెరిపేయడమే సంస్కారమని అలాంటి సంపాదకులు మా తరానికి నేర్పారు. ఆ పాఠం వదిలించుకోవడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది. ఇప్పటివాళ్లది ఇంకో తీరు. చిన్న చిన్న లోపాలు ముందే గట్టిగా ఒప్పేసుకుంటారు, అసలుదాని జోలికి ఎవరూ రాకుండా. దాన్ని వినయమని మెచ్చుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఫ్రాన్స్‌లో మాంటేన్ అనే రచయిత 1580లో తన వ్యాసాలు అచ్చువేసినప్పుడు, ఈ పుస్తకానికి వస్తువు నేనే అని ముందుమాటలోనే చెప్పేశాడు. 1592లో పోయేదాకా వాటికి చేర్పులు రాస్తూనే ఉన్నాడు. అంతకు మించిన అహం ఏముంటుంది? ఆ మనిషే, పసితనంలో పోయిన తన బిడ్డలు ఇద్దరో ముగ్గురో అని రాశాడు. విచారం లేకపోలేదు గానీ మరీ దుఃఖపడలేదని కూడా రాశాడు. కన్నతండ్రికి లెక్క తెలియదు! మొదట చదివినప్పుడు కోపంతో పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచాక మాత్రం ఆయన తన గురించి చెప్పిన ప్రతి మాటా నమ్మాను.

కలం పేరు గురించీ, ఎక్కడికి పంపాలన్నదాని గురించీ ఇంకా ఏవేవో అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు మూడో పేజీ మళ్లీ రాసి పంపు. ఫోన్ మోగినప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో రాయి. ఎన్నిసార్లు మోగిందో నీకు గుర్తుండే ఉంటుంది.