షియోన్ కోటకు నడిచే వెళ్లండి

అమ్మలూ,

అల్లుడుగారు మీ స్విట్జర్లాండ్ ప్లాన్ వాట్సాప్‌లో పంపారు. షియోన్ కోటకు అరగంట రాశారు. (స్పెల్లింగ్ చూసి చిల్లన్ అనకండి, అక్కడ ఎవరికీ అర్థం కాదు.) మొదటిసారి మాకు టూర్ బస్సువాడు ఇచ్చింది ఇరవై నిమిషాలు. రోడ్డు పక్కన దిగి, ఫొటో తీసుకుని, పరుగున వచ్చి బస్సెక్కాం. ఇంటికొచ్చి చూస్తే మీ పెద్దమ్మ, ఆవిడ వెనక ఒక రాతిగోడ. కోటను ఆనుకునే ఉన్న జెనీవా సరస్సు జాడే లేదు. మన ఊరి గోడౌన్ ముందు తీసిందంటే నమ్మేస్తారు.

మీరు మధ్యాహ్నం భోజనం కానిచ్చి పక్కనున్న మోంత్రో ఊరి నుంచి బయల్దేరండి. పొద్దున కోట కొండ నీడలో ఉంటుంది. ఎండ పడమటికి వాలాకే సరస్సు వైపు గోడలు వెలుగుతాయి. మీ అత్తగారిని, అల్లుడుగారిని 201 నంబరు బస్సులో పంపించు, ఆవిడ మోకాళ్లు అసలే అంతంతమాత్రం. నువ్వూ పిల్లలూ నీళ్ల పక్కన పూలమొక్కల మధ్య ఉన్న కాలిబాట పట్టండి. ముప్పావుగంట, మహా అయితే గంట.

దూరాన కోట నీళ్లలోంచి లేచినట్టు కనిపిస్తుంది, దాని వెనక దాం దు మిది శిఖరాలు. అందరూ అక్కడే ఫోన్లు తీస్తారు. నువ్వు ముందు ఎడమవైపు చూడు. కొండ ఎంత దగ్గరికి తోసుకొచ్చిందో! కొండకూ నీటికీ మధ్య ఒక రోడ్డు, రైలు పట్టాలు, అంతే. 1960ల్లో హైవే వేయాల్సి వస్తే కింద చోటు లేక కొండ వాలున స్తంభాలెత్తి దాని మీద వేశారు. ఇటలీ నుంచి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటి ఉత్తరానికి వచ్చే సరుకు ఒకప్పుడు ఈ సందులోంచే పోయేది. ఇక్కడ కూర్చున్నవాడికి సుంకమే సుంకం. 12వ శతాబ్దం నుంచి ఈ ఆల్ప్స్ ప్రాంతాన్ని ఏలిన సవోయ్ ప్రభువులు, 1536లో కోటను పట్టుకున్న స్విస్ నగరరాజ్యం బెర్న్ వాళ్లు, 1798 దాకా దీన్ని వదలకపోవడానికి కారణం ఆ రోడ్డే.

కోటకు రెండు ముఖాలు. రోడ్డు వైపు బురుజులు, బాణాలు వేసే సన్నటి కంతలు. సరస్సు వైపు దొరలు కూర్చుని చూసుకోవడానికి పెద్ద కిటికీలు. శత్రువు వచ్చేది రోడ్డు మీద, గాలి వచ్చేది నీళ్ల మీద కదా.

లోపల గదులు చాలా ఉన్నాయి, అన్నీ చూడాలని టెన్షన్ పడొద్దు. కింద చెరసాలలో మాత్రం ఆగండి. ఒకవైపు గోడ కట్టింది కాదు, కొండరాయే. ఇటు సన్నని కిటికీల్లోంచి నీళ్ల మీది ఎండ వచ్చి పైకప్పు మీద అలలు అలలుగా ఆడుతుంటుంది. జెనీవా స్వేచ్ఛ కోసం సవోయ్‌ను ఎదిరించిన బోనివార్‌ను 1530లో ఈ కోటలో పెట్టారు. చివరి నాలుగేళ్లు ఈ నేలమాళిగలోనే, గొలుసుతో. బెర్న్ సైన్యం వచ్చి విడిపించింది. 1816లో ఇంగ్లిష్ కవి బైరన్ ఇక్కడికి వచ్చి వెళ్లి ఆయన మీద కావ్యం రాశాడు. అందులో ఖైదీ తమ్ముళ్లు కళ్లముందే చనిపోతారు, అది కల్పన. అసలు బోనివార్ బయటికొచ్చి, జెనీవా చరిత్ర రాసి, మొత్తం నాలుగు పెళ్లిళ్లు చేసుకున్నాడు! ఒక స్తంభం మీద బైరన్ పేరు చెక్కి ఉంటుంది, ఆయనే చెక్కాడంటారు. పిల్లలు తామూ చెక్కుతామంటే చెయ్యి పట్టుకో.

ముంగిళ్లలో ఎగుడుదిగుడు రాళ్లు, బురుజు మెట్లు నిటారు. చెప్పులు కాదు, బూట్లు. మూసే టైముకు గంట ముందే టికెట్లు ఆపేస్తారు, అది చూసుకోండి. తిరుగుప్రయాణానికి పడవ దొరికితే అదే ఎక్కండి, సరస్సు ముఖం బాగా కనిపించేది అక్కడినుంచే. ఆ ఫొటో నాకు పంపు. మీ పెద్దమ్మకు ఇప్పటికీ ఆ గోడ మీద కోపం పోలేదు.

మీ పెదనాన్న