మా ఊరి కళాకారుడి పేరు పద్మ అవార్డుకు మేమే పంపొచ్చా? మా అనుభవం చెబుతాను

మీ ఊరి హరిదాసుగారు 50 ఏళ్లుగా కథలు చెబుతున్నారనీ, వయసు 74 దాటిందనీ రాశారు. మామూలు జనం ఆయన పేరు పద్మ అవార్డుకు పంపొచ్చా, పలుకుబడి లేకపోతే అంతా దండగేనా అని అడిగారు.

పంపొచ్చు. ఎమ్మెల్యే లెటర్ అక్కర్లేదు, కలెక్టర్ సంతకం అక్కర్లేదు. ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు కూడా. కేంద్ర హోం శాఖ వాళ్ల రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. గడువు ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. 2025 పద్మాలకు 2024 మే 1 నుంచి సెప్టెంబరు 15 వరకు తీసుకున్నారు. 2026వి 2025 మార్చి 15నే మొదలయ్యాయి. అందుకని సంక్రాంతి పోయినప్పటి నుంచే కాగితాలు సిద్ధం చేసుకోండి.

మేం మా చెక్కభజన (చేతుల్లో చెక్కలు వాయిస్తూ అడుగులేసే భజన) గురువు కోసం పంపాం. మాది కదిరి వైపు. ఇక్కడ శెనక్కాయ పీకడం అయిపోయాక కుర్రాళ్లంతా కలిసి గురువును పిలిపించుకునేవాళ్లు. ఆయన రెండు మూడు నెలలు ఆ ఊళ్లోనే ఉండి, రాత్రిపూట రామాలయం ముందు అడుగులు నేర్పేవాడు. భోజనం ఇంటికొక పూట, వంతులవారీగా. చివర్లో గజ్జెపూజ చేసి, గురువుకు కొత్త బట్టలు పెట్టి పంపేవాళ్లు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయనకు 81.

మొదట రాష్ట్రస్థాయి పురస్కారం ఒకదానికి ప్రయత్నించి దెబ్బతిన్నాం. ఒక ఆఫీసులో ఫైల్ ఇమ్మంటే తెలియక ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాత ఫొటోలు అన్నీ ఇచ్చేశాం. మూడు నెలల తర్వాత వెళ్తే ఫైలే లేదన్నారు. ఆయన భార్య గజ్జెలు కడుతున్న ఫొటో అదొక్కటే ఉండేది. ఆమె ఇప్పుడు లేరు. ఆ ఫొటో పోయిన బాధ నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. కాబట్టి ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. ఎంత పెద్ద మనిషి అడిగినా ఇవ్వకండి. ముందే అన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి.

పద్మ దరఖాస్తులో అసలు పనంతా ఆ వ్యక్తి చేసిన సేవ గురించి రాసే భాగంలోనే ఉంటుంది. 800 మాటలు దాటకూడదు. నేను మొదట రాసినదాంట్లో ‘కళామతల్లి ముద్దుబిడ్డ’, ‘మహోన్నత సేవ’ లాంటి మాటలే నిండా ఉన్నాయి. మా ఊరి టీచరమ్మ చదివి, ‘ఇదంతా సన్మానపత్రంలా ఉంది నాయనా, ఇంతకీ ఎన్ని ఊళ్లలో నేర్పాడు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గురువును అడిగితే ‘చానా ఊళ్లురా’ అన్నాడు.

ఇక నేనూ, ఇద్దరు స్నేహితులూ ఆదివారాలు బండి మీద తిరిగాం. నాలుగు నెలలు పట్టింది. ప్రతి ఊళ్లో పాత శిష్యులను పట్టుకుని ఏ సంవత్సరం నేర్పాడు, ఎంతమంది నేర్చుకున్నారు, వాళ్లలో ఇప్పుడు ఎవరు నేర్పుతున్నారు అని నోట్‌బుక్‌లో రాసుకున్నాం. 63 ఊళ్లు తేలాయి. ఒక ఊళ్లో దళితవాడ పిల్లలను గుడి ముందు ఆడనివ్వం అన్నారట. ఆయన గుడి వదిలేసి, బడి ఆవరణలో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి నేర్పాడట. ఇన్నేళ్లలో ఆ సంగతి మాకు ఒక్కసారీ చెప్పలేదు. అది రాసేటప్పుడు నాకు ఒక్క విశేషణం కూడా అవసరం పడలేదు.

మీరూ అదే చేయండి. హరిదాసుగారు ఎన్ని కథలు చెప్పగలరు, ఏయే ఊళ్ల ఉత్సవాలకు ఏటా వెళ్తారు, ఎవరికి నేర్పారు, సొంతంగా కథలు కట్టుకున్నారా అనేవి ఆయన గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. పద్మాలు సాధారణంగా మరణానంతరం ఇవ్వరు, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

పలుకుబడి సంగతి. టెన్షన్ మాకూ ఉండేది. కానీ మా జిల్లాలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది, అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హరికథకే డి. ఉమామహేశ్వరిగారికి వచ్చింది. అదే ఏడాది నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికీ, చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యగారికీ ఇచ్చారు. వీళ్లెవరూ పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కాదు. అయితే ఏడాదికి దేశం మొత్తానికి 120కి మించకూడదని నియమం ఉంది (మరణానంతరం ఇచ్చేవీ, ప్రవాసులకూ విదేశీయులకూ ఇచ్చేవీ దీంట్లోకి రావు). పోటీ చాలా ఎక్కువ, ఆ మాట హరిదాసుగారికి ముందే చెప్పండి. వస్తుందని ఆశపెట్టి ఊరంతా ఫ్లెక్సీలు కట్టకండి, పెద్దాయన మనసు కష్టపడుతుంది.

డబ్బు కోసమైతే ఇంకో మాట. పద్మతో నగదు రాదు, పతకం, రాష్ట్రపతి సంతకం ఉన్న ప్రశంసాపత్రం ఇస్తారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం తమ పద్మశ్రీ గ్రహీతలకు రూ.25 లక్షలు, నెలకు రూ.25,000 పింఛను ప్రకటించింది, అది రాష్ట్రం సొంత నిర్ణయం. ఆయనకు ఇల్లు గడవడం కష్టంగా ఉంటే 60 దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే నెలవారీ సాయానికి కూడా దరఖాస్తు పెట్టండి. అవార్డు కోసం ఎదురుచూస్తూ దాన్ని ఆపొద్దు.

మాకు రెండుసార్లు పంపినా రాలేదు. రెండోసారి జాబితా వచ్చిన సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని మేం రాసిన 63 ఊళ్ల పేర్లూ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక, ‘నాలుగు ఊళ్లు ఇడిసిపెట్టినారు’ అని వాటి పేర్లు చెప్పాడు. తర్వాతి ఆదివారమే ఆ నాలుగు ఊళ్లకూ వెళ్లొచ్చాం. ఈసారి దరఖాస్తులో 67 అని రాశాం.