లావణ్యకు, వెండి పని గురించి

చి. సౌ. లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. న్యూమెక్సికోలోని మీ అత్తవారి పశువుల రాంచ్‌లో ముళ్ల కంచెను చూసి చేసిన వెండి గాజు బాగుంది. కానీ ఆ ముళ్లు చీర కొంగును పట్టుకుంటాయి. కొసలు ఆకురాయితో మొద్దు చెయ్యి. అసలు కంచె తీగను మాత్రం మంటలో పెట్టకు. దాని జింకు పూత పొగకు జ్వరం వస్తుంది.

అతుకులు ఊడుతున్నాయన్నావు. నువ్వు టంకాన్ని వేడి చేస్తున్నావు, వేడెక్కాల్సింది వెండి. వెలిగారం రాసి, మంటను వస్తువంతటా తిప్పు. వెండి కాగితే టంకం తానే సందులోకి పాకుతుంది. మా నాన్న అతుకును వెలుతురుకు పట్టి చూసేవారు, గీతంత వెలుగు కనిపించినా మళ్లీ ఆకురాయితో అరగదీసి సరిచెయ్యమనేవారు. ఫిరోజా (టర్కాయిస్) రాళ్లు మంట పనంతా అయ్యాకే పొదుగు.

పూసలు ఒక్కొక్కటే గుండ్రం చేస్తూ వేళ్లు అరగదీసుకుంటున్నావెందుకు? మీ న్యూమెక్సికోలోనే, కేవా ప్యూబ్లో అనే స్థానిక తెగ ఊరి వాళ్ల హైషీ పూసల పని చూడు. గవ్వనో రాయినో చిన్న పలకలుగా చేసి, ముందు బెజ్జం వేసి, దండగా గుచ్చి, ఆ దండనంతా కలిపి అరగదీస్తారు. అందుకే పూసలన్నీ ఒకే కొలతకు వస్తాయి. చాకో కాన్యన్‌లోని ప్యూబ్లో బొనీటో అనే పాతకాలపు పెద్ద కట్టడంలో ఒక్క 33వ గదిలోనే వేలకొద్దీ ఫిరోజా పూసలు బయటపడ్డాయి. ఇనుప పనిముట్టు లేని కాలంలో వేసిన బెజ్జాలవి! నువ్వు మాత్రం తడిపి అరగదియ్యి, గవ్వ పొడి ఊపిరితిత్తులకు చేటు.

దొరికిన కుండ పెంకుకు బెజ్జం వేసి పతకం చేస్తానన్నావే, అది వద్దు. మీ పశువులు మేసేది చాలావరకు ఫెడరల్ ప్రభుత్వ భూమి. వందేళ్లు దాటిన పురావస్తువును అక్కడి నుంచి అనుమతి లేకుండా తీయడం అమెరికా 1979 చట్టం ప్రకారం నేరం. సొంత నేలలో దొరికినా నేను వద్దనే అంటాను. చోటు మారిన పెంకు సగం మూగదవుతుంది. బొమ్మ గీసుకుని అక్కడే ఉంచు. నీ నగలు అమ్మేటప్పుడు అక్కడి స్థానిక తెగ పేరు పెట్టి 'నవాహో నగ' అని రాయకు, చేసింది నువ్వు. అలా తెగవాళ్లు చెయ్యనిదాన్ని వాళ్ల పేరుతో అమ్మకుండా 1990 చట్టం ఉంది.

నవాహోల నెలవంక పతకం 'నాజా' స్పానిష్ వాళ్ల గుర్రపు కళ్లెం అలంకారం నుంచి వచ్చింది. వాళ్లు ఎదురుగా ఉన్న గుర్రాన్ని చూశారు. నీ ఎదుటా నాడా ఉంది, జీను ఉంది, దూడలకు వేసే మీ ఇంటి ముద్ర ఉంది. ఆ ముద్రతోనే మొదలుపెట్టు.

పండక్కి వచ్చినప్పుడు నాన్నగారి కమ్మచ్చు, అదే తీగ లాగే బెజ్జాల పలక, ఇస్తాను. చివరి రెండు బెజ్జాలు అరిగాయి, వాటిలో తీగ లాగకు.