డిస్నీ వరల్డ్ హాఫ్ మారథాన్‌లో మొదటిసారి పరుగెత్తేవాళ్ళు సరదా పోగొట్టుకోకుండా పూర్తి చేయాలంటే ఏం చేయాలి?

ముందుగా టైమింగ్ గురించి మనసులోంచి తీసేయండి, ఇది రికార్డులు కొట్టే రేస్ కాదు. ఫ్లోరిడాలో జనవరిలో జరిగే ఈ 21.1 కిలోమీటర్ల పరుగులో పట్టించుకోవాల్సిన లెక్క ఒక్కటే: మైలుకు 16 నిమిషాలు, అంటే కిలోమీటరుకు దాదాపు 10. అంతకంటే వెనకబడితే రేస్ నుంచి తప్పించి బస్సు ఎక్కించేస్తారు. అందరికంటే చివర్లో ఇదే వేగంతో బెలూన్లు కట్టుకుని నడిచేవాళ్ళు ఉంటారు, వాళ్ళు మీ వెనక ఉన్నంతసేపూ టెన్షన్ అక్కర్లేదు.

దారిలో మిక్కీ లాంటి పాత్రలతో ఫోటోలకి క్యూలు ఉంటాయి, అక్కడే చాలామందికి టైమ్ కరిగిపోతుంది. నన్నడిగితే మీకు నిజంగా ఇష్టమైన రెండు మూడింటి దగ్గరే ఆగండి, అదీ మొదటి నుంచీ కాస్త ముందుండి నిమిషాలు మిగుల్చుకున్నాకే. సిండరెల్లా కోట గుండా వెళ్ళేటప్పుడు దారి బాగా ఇరుకవుతుంది, నెట్టుకోకుండా నెమ్మదిగా కళ్ళారా చూస్తూ వెళ్ళండి, దీనికోసమే కదా అంత దూరం వచ్చింది!

నడవాలనిపిస్తే చెయ్యెత్తి పక్కకి జరిగి నడవండి, మధ్యలో టక్కున ఆగిపోతే వెనకవాళ్ళు గుద్దుకుంటారు.

పరుగు చీకట్లోనే 5 గంటలకి మొదలవుతుంది, అంతకు ముందే చాలాసేపు చలిలో నిలబడాలి కాబట్టి పారేసినా బాధలేని పాత స్వెటర్ వేసుకెళ్ళండి. కొత్త బూట్లు మాత్రం వద్దేవద్దు. ముందురోజు పార్కుల్లో తిరగడం కూడా తగ్గించండి, రోజంతా నడిచిన కాళ్ళు తెల్లారి సహకరించవు.