ఫుట్‌పాత్ ఉన్నా రోడ్డు మీదే నడకెందుకు?

ప్రశ్న: మా కాలనీలో కొత్తగా ఫుట్‌పాత్ వేశారు. అయినా జనం రోడ్డు మీదే నడుస్తున్నారు, బైకులేమో ఫుట్‌పాత్ ఎక్కుతున్నాయి. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: ముందు టేపు పెట్టి కొలవండి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాల (ఐఆర్‌సీ 103) ప్రకారం రోడ్డు నుంచి ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. స్తంభాలు, చెట్లు పోను నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి. మన దగ్గర చాలాచోట్ల అడుగెత్తు కట్టేసి, గేటుగేటుకీ తెగ్గొడతారు. అన్నిసార్లు ఎక్కి దిగడం మోకాళ్ల నొప్పులవాళ్ల వల్ల అయ్యే పనేనా? గేటు ముందు కూడా ఫుట్‌పాత్ అదే మట్టంలో సాగాలి; కారు లోపలికెళ్లడానికి ఫుట్‌పాత్ ఎక్కే వాలును రోడ్డు అంచున, స్తంభాల వరుసలోనే సర్దాలి. చక్రాల కుర్చీ వాలు 1:12, అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. బైకులకు అడ్డంగా పాతే పోస్టుల మధ్య కుర్చీ పట్టేంత సందు వదలక తప్పదు. ఆ సందులోంచి బైకూ దూరుతుంది. చలానా వేయందే అది ఆగదు.