చేపకు మందు, ఆల్చిప్పకు ముప్పు

ప్రశ్న: మాస్టారూ, మాది పెందుర్తి. మేడ మీద సిమెంటు తొట్టిలో ముత్యాల కోసం ముప్పై మంచినీటి ఆల్చిప్పలు పెంచుతున్నాను. అందులోనే చేపలూ ఉన్నాయి. చేపలకు తెల్లమచ్చలు వస్తే షాపులో రాగి కలిసిన నీలం మందు ఇచ్చారు. చేపలు కోలుకున్నాయి గానీ, నాలుగు రోజుల్లో పదకొండు ఆల్చిప్పలు నోళ్లు తెరిచేశాయి. మిగిలినవైనా దక్కుతాయా? ఈ నీళ్లు ఇంటి వెనక గెడ్డలో (వాగులో) పోసేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు తొట్టి దగ్గరకు వెళ్లండి. నోరు తెరిచిన ప్రతి చిప్ప అంచునూ పుల్లతో మెల్లగా తాకండి. బతికున్నదైతే నెమ్మదిగానైనా మూసుకుంటుంది. మూసుకోనివాటిని వెంటనే తీసేయండి. లోపల మాంసం కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, దానికి మిగిలినవీ పోతాయి. బతికినవాటిని మందు తగలని చెరువు నీళ్లలోకి మార్చి గాలి పంపు పెట్టండి.

తెల్లమచ్చలకు రాగి వాడేటప్పుడు నీళ్లలో లీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉండేలా చూస్తారు. అది చేప తట్టుకునే లెక్క. పిల్ల ఆల్చిప్పలకైతే చాలా జాతుల్లో అందులో పదో వంతే ప్రాణం మీదికి తెస్తుంది. ఊపిరైనా తిండైనా ఆల్చిప్ప నీళ్లను మొప్పల మీదుగా లాగి వడగట్టుకోవాల్సిందే. పెద్దవి మందు తగలగానే గట్టిగా మూసుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. కానీ మూసుకున్నన్నాళ్లూ పస్తే. పైగా రాగి నాచును కూడా చంపుతుంది. పచ్చటి నీళ్లలో ఉండే ఆ సన్న నాచే కదా వాటి అన్నం!

నేను జువాలజీ చెప్పే రోజుల్లో మా కాలేజీ లేబ్ తొట్టిలో నాచు పోవాలని ఎవరో మైలుతుత్తం, అంటే రాగి సల్ఫేటు, వేశారు. రెండే ఆల్చిప్పలు మిగిలాయి. ఏడాది తర్వాత చూస్తే రెండింటి చిప్ప మీదా ఒక నల్లటి గీత, గోటికి తగిలేంత. ఎదుగుదల ఆగిన రోజుల గుర్తు అది. ప్రతి బ్యాచ్ పిల్లల చేతా ఆ గీతను తడిమించేవాణ్ణి. అందుకే చెబుతున్నాను, ముత్యం పొరలు దేని చుట్టూ పేరుకుంటాయో ఆ గింజను మీ చిప్పల్లో ఇప్పుడే పెట్టకండి. ముత్యం పొరను అల్లేదీ చిప్పను పెంచేదీ ఒకటే కణజాలం. చిప్ప అంచున కొత్త పొర కనిపించేదాకా ఆగండి.

ఆ నీళ్లు గెడ్డలో మాత్రం పోయకండి. రాగి ఆవిరైపోదు. గెడ్డలోనూ ఆల్చిప్పలుంటాయి. వాటి పిల్లలు చేప మొప్పలకు అంటుకుని కొన్నాళ్లు గడిపితేగానీ బతకవు. ఆ దశలో మందు తగిలితే ఒక తరమే పోతుంది. రాగి ఒక్కటే కాదు, మనం మింగే మాత్రలూ అంతే. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్‌ను ఎక్కువ మోతాదులో కలిపి ప్రయోగం చేస్తే, ఆడ ఆల్చిప్పలు బతకలేని పిల్లల్ని ముందే బయటికి వదిలేశాయి. ఆ మాత్ర పనిచేసేది ఒంట్లోని సెరటోనిన్ అనే రసాయనం మీద. మనిషి మనసును కుదుటపరిచే ఆ సెరటోనిన్‌కే ఆల్చిప్పల కాన్పులోనూ పాత్ర ఉంది మరి.

తొట్టి నీళ్లను గెడ్డకూ బోరుకూ దూరంగా వట్టి నేల మీద పోయండి. సిమెంటుకు రాగి పట్టి ఉంటుంది, గోడలు రుద్ది నాలుగైదు సార్లు కడగండి. ఆ కడుగునీళ్లూ అక్కడే పోయండి. చేపలకు మళ్లీ జబ్బు చేస్తే వాటినే వేరే టబ్బులోకి తీసి మందు వేయండి.