బీరువా సన్‌మైకా కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. చెక్కపని నాకు సరదా. సెలవు రోజుల్లో నేనే ఇంట్లో ఒక బీరువా చేద్దామనుకుంటున్నాను. 7 అడుగుల ఎత్తు, 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, రెండు తలుపులు. ఒక పక్క గోడకు ఆనుతుంది. ప్లైవుడ్ కొన్నాను, ఇంకా కోయలేదు. దాని మీద అతికించే సన్‌మైకా దగ్గర ఆగిపోయాను. లోపలా బయటా కలిపి 1 ఎంఎం షీట్లు 10 పడతాయని, ఒక్కోటి 1,700 చొప్పున 17,000 అవుతుందని షాపతను చెప్పాడు. 0.8 ఎంఎం తెల్ల షీటు 750కే ఉంది కానీ అది నిలవదంటున్నాడు. నాకు నెలకు 5,000 మించి మిగలదు. క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల ఈఎంఐ పెట్టుకోనా, 50,000 ఎఫ్‌డీ ఉంది, అది తీసేయనా? లేక షీట్లు ఇంకెక్కడైనా చవగ్గా దొరుకుతాయా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. కార్డు కూడా బయటికి తీయకండి. అసలు ఆ 17,000 లెక్కే నాకు మింగుడు పడలేదు. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే సగానికి దిగింది.

సన్‌మైకా షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే వెడల్పు 48 అంగుళాలు. మీ తలుపు ఒక్కోటి 30 అంగుళాలు. ఒక షీటులో ఒక్క తలుపే వస్తుంది, పక్కన 18 అంగుళాల ముక్క మిగిలిపోతుంది. రెండు తలుపులకు రెండు షీట్లు అయిపోయాయి. బయటికి కనిపించే పక్క 24 అంగుళాలు కాబట్టి దానికి ఆ 18 అంగుళాల ముక్కలు చాలవు. మూడో షీటు కొనాల్సిందే.

అదే వెడల్పులో 20 అంగుళాల తలుపులు మూడు పెట్టండి. మొదటి షీటులో రెండు తలుపులు వస్తాయి. రెండో షీటులో మూడో తలుపు 20, పక్క 24, మొత్తం 44 అంగుళాలు. రంపం తినేదానికి, అంచులు చెక్కడానికి 4 అంగుళాలు చేతిలో ఉంటాయి. ముక్కలన్నీ నిలువుగానే వస్తాయి కాబట్టి చెక్క గీతల డిజైన్ తీసుకున్నా గీతలు అడ్డం తిరగవు. కీలు కొన్ని ఎక్కువ పడతాయి, నిజమే. కానీ ఏడడుగుల ఎత్తులో 30 అంగుళాల తలుపు బరువుకు కిందికి జారితే సరిచేసుకునే తిప్పలు మీవే. లోపల ఒక్క అడ్డుగోడ చాలు. 40 అంగుళాల వైపు బట్టలు తగిలించే రాడ్, దాని మీద ఒక అర. 20 అంగుళాల వైపు నాలుగు అరలు. ప్లై ఇంకా కోయలేదు కాబట్టి బతికిపోయారు.

ఇక లోపలి సంగతి. గోడలు, అరలు, తలుపుల వెనక వైపు కలిపితే 185 చదరపు అడుగుల దాకా వస్తుంది. షీటుకు 32 చదరపు అడుగులు. కోతలో పోయేది కలుపుకుని 7 షీట్లు పడతాయి. వీటికి 750 షీటు చాలు. 'నిలవదు' అన్న మాటను పెద్దగా పట్టించుకోకండి. సన్‌మైకా అంటే రెసిన్‌లో ముంచిన కాగితాలను వేడి మీద నొక్కి అతికించిన పలక. పలచనిదైతే కింద ప్లై ఎగుడుదిగుళ్లు కాస్త పైకి కనిపిస్తాయి, గట్టి దెబ్బకు త్వరగా పగులుతుంది. అందుకే చేతులు, చీపుర్లు తగిలే బయటి వైపు 1 ఎంఎం వేయమంటాను. మడతపెట్టిన బట్టల కింద దానికేం పని? షీటు ఊడిపోయిందంటే చాలాసార్లు ఫెవికాల్ సరిగ్గా పట్టకో, బరువు పెట్టి ఆరనివ్వకో జరుగుతుంది.

తలుపుల వెనక వైపు మాత్రం షీటు మానేసి డబ్బు మిగుల్చుకోవద్దు. ఒకవైపే అతికించిన తలుపు కొన్నాళ్లకు వంగుతుంది.

బయట 2 షీట్లకు 3,400, లోపల 7 షీట్లకు 5,250. మొత్తం 8,650.

చవక షీట్ల కోసం హైదరాబాద్ ట్రూప్ బజార్‌కు వెళ్లాలని మీకు అనిపించవచ్చు. తొమ్మిది షీట్ల కోసం దాదాపు 200 కిలోమీటర్లు వెళ్లి, రవాణా ఖర్చు పెట్టి, దారిలో ఒక మూల విరిగితే మిగిలేదేమీ ఉండదు. దానికన్నా మీ ఊళ్లోనే మూడు షాపులు తిరిగి, పాత ఫోల్డర్ (నమూనాల పుస్తకం) డిజైన్లలో మిగిలిపోయిన షీట్లు ఉన్నాయా అని అడగండి. కంపెనీ ఆపేసిన డిజైన్లు షాపులో చోటు తింటుంటాయి కాబట్టి బేరానికి దిగుతారు. వడ్రంగిని తీసుకొస్తే చాలా షాపులు అతనికి కమీషన్ ఇస్తాయి. మీరు ఒక్కరే వెళ్తున్నారు కాబట్టి అది మీకు తగ్గించమనండి, మొహమాటం వద్దు. పాత స్టాకు కొంటే బయటి షీట్లు రెండూ ఒకేసారి తీసుకోండి, వీలైతే ఇంకొకటి కూడా. నేను ఇలాగే లెక్కకు సరిపడా కొని, తర్వాత చెప్పుల స్టాండుకు అదే రంగు కోసం ఊరంతా తిరిగాను. దొరకలేదు. ఆ స్టాండు ఇప్పటికీ వేరే రంగులోనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ ముందు దాన్నే చూపిస్తుంది.

ధరలో జీఎస్టీ కలిసిందో లేదో ముందే తేల్చుకోండి. 18 శాతం విడిగా వేస్తే 8,650 మీద ఇంకో 1,557 అవుతుంది. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. షీటు పొర విడిపోతే మార్చమని అడగడానికి మీ చేతిలో ఉండేది ఆ బిల్లే. అందుకే జీఎస్టీ డబ్బు కూడా ఖర్చే అనుకోండి.

ఈఎంఐ ఎందుకు వద్దన్నానంటే, 'నో కాస్ట్' అన్న చోట కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడొచ్చు. నగదు ఇస్తే తగ్గించే ధర కూడా మీకు రాదు. ఎఫ్‌డీని గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. అంత అవసరమూ లేదు, ఎందుకంటే మీ పని వాయిదాల్లోనే జరుగుతుంది. లోపలి షీట్లే ముందు అతకాలి. వాటిని ఈ నెల మిగులుతో కొనండి, తక్కువయ్యే 250 సర్దుకోగలరు. సెలవు రోజుల్లోనే చేస్తున్నారు కాబట్టి డబ్బా, అరలు పూర్తయ్యేసరికి నెల ఎలాగూ గడుస్తుంది. వచ్చే నెల 5,000లో బయటి షీట్లు 3,400 పోగా 1,600 ఉంటుంది. ఫెవికాల్, అంచుల టేపు అందులోంచే చూసుకోండి. షీట్లను గోడకు నిలబెట్టకుండా మంచం కింద పరిచినట్టు పడుకోబెట్టండి.